గొంగళి పరచని అతిథి

ఆరు కోనల మందలు కూలిపోయాక మేఘావళి రాజ్యంలో చెక్కుచెదరక మిగిలింది ఒకే ఒక్క మంద. అది తేనెవాగు కోనలో సిద్ధవ్వ మంద. రెండు వేల ఆవులు, మూడు వందల లేగదూడలు. ఆ దూడలు పుట్టి ఇంకా నెల తిరగలేదు.

పైకోన పశువైద్యుడు నాగసూరి ఆ మంద కోసమే పరుగున వస్తున్నాడు. కాలినడకనే వస్తున్నాడు. గుర్రాన్ని రెండు ఆమడల అవతలే విడిచిపెట్టాడు. దాని గిట్టలు ఏయే దొడ్ల బురద తొక్కాయో అతనికి బాగా తెలుసు.

కొండ కొస నుంచి చూస్తే తేనెవాగు కోన దేవతలు దాచుకున్న పచ్చల పళ్ళెంలా ఉంది. చుట్టూ పగడాల రంగు కొండలు. కొండల నెత్తిన వెండి తలపాగాల్లాంటి మబ్బులు. నడుమ నడుము లోతు గడ్డి, ఆ గడ్డిలో విరగబూసిన తెల్లతామరల్లా ఆవులు. కోనను చుట్టి తేనెరంగు వాగు, ఆ వాగు మీద ఒకే వంతెన. రెండు మద్దిమానులను పక్కపక్కన పడుకోబెట్టి, మంద వైపు గట్టున తోలు పగ్గాలతో బిగించారు. లోయ అడుగు కంటికి ఆనదు. వాగు హోరు మాత్రం చెవులు పగలగొడుతుంది.

నాగసూరి వంతెన ముందు ఆగిపోయాడు. కాలు పెట్టలేదు.

మందల సీమలో ఒక కట్టడి ఉంది. అతిథిగా వచ్చినవాడు దొడ్డి వాకిట తన గొంగళి పరచాలి. దాని మీద పిడికెడు ఉప్పు చల్లాలి. మందలో పెద్దావు వచ్చి ఆ ఉప్పు నాకాలి. ఆవు నాకిన గొంగళి భుజాన వేసుకున్నాకే అతిథి నోరు విప్పాలి. గొంగళి పరచకుండా నోరు విప్పినవాడు పశువుల దొంగ. దొంగకు లోయే గతి.

నెల క్రితం నాగసూరి ఈ కట్టడిని తు.చ. తప్పకుండా పాటించాడు. పైకోనలో నోరూ గిట్టలూ పుండ్లు పడే గాలికుంటు తగిలిన దూడలకు పగలంతా వైద్యం చేశాడు. కారే చొంగను ఆ గొంగళితోనే తుడిచాడు. రోగం వస్తోంది జాగ్రత్త అని చెప్పడానికి అదే గొంగళితో చెల్లెలి మందకు పరుగెత్తాడు. వాకిట పరిచాడు. పెద్దావు నాకింది. నాలుగో రోజుకు పెద్దావు నోట బొబ్బలు. తొమ్మిదో రోజుకు అరవై దూడలు పోయాయి. పొదుగు కుడుస్తూ కుడుస్తూనే గుండె ఆగి పడ్డాయి, నోట్లో పాలు నోట్లోనే ఉన్నాయి. హెచ్చరించడానికి పోయినవాడే రోగాన్ని భుజాన వేసుకుపోయాడు.

చెల్లెలు తిట్టలేదు. తలుపు వేసుకుంది. తిట్టినా బాగుండేది.

ఆ తరువాత కూలిన మందల మధ్య తిరుగుతుంటే ఒకచోట నాలుగు ఆవులు హాయిగా నెమరు వేస్తూ కనిపించాయి. ఊరు వెలివేసిన కుమ్మరి కొండయ్యవి. ఆ ఆవులను మందలన్నీ ఉప్పు నాకే ఉప్పుబండ దగ్గరకు రానివ్వరు. ఊరి తొట్టిలో నీళ్ళు తాగనివ్వరు. కొండయ్య వాకిట ఏనాడూ ఒక అతిథి గొంగళి పరచలేదు. గాలి అందరి దొడ్ల మీదా ఒకేలా వీచింది, కొండయ్య దొడ్డి మీదా వీచింది. గాలి మోసింది కొంతే. మనిషి మోసింది కొండంత. ఊరు చేసిన పాపమే ఆ నాలుగు ఆవులను కాచింది.

ఈ మాట రాజసభలో చెప్పినందుకు నాగసూరి తల తెమ్మని ఆజ్ఞ పుట్టింది. పుట్టించినవాడు ఆస్థాన మాంత్రికుడు ధూమ్రజటి. కడుపులో నిప్పును ఉపాసించినవాడు, నోరు తెరిస్తే పొగ వస్తుంది. రోగం గాలిభూతం పని అని, కూలినవాటిలో మిగిలిన పశువులతో సహా రాజ్యంలోని మందలన్నీ పున్నమినాటికి రాజధానిలో ఒకచోట చేరితే శాంతి చేస్తానని వాడు చాటించాడు. మందలన్నీ ఒకచోట చేరితే ఏమవుతుందో వాడికి తెలుసు. ఎద్దులు చచ్చి నాగలి కదలని రాజ్యంలో సింహాసనం ఎక్కడానికి సైన్యం అక్కర్లేదు. మందల పెద్దలందరూ తలలూపారు. సిద్ధవ్వ ఒక్కతే రానని కబురు పంపింది. రానన్నదాని దగ్గరకు వాడే వస్తాడు.

"ఎవడ్రా నువ్వు? వంతెన ముందర దిష్టిబొమ్మ మాదిరి నిలబడితివే!"

అరిచింది సిద్ధవ్వ కొడుకు ఈరప్ప. ముప్పై ఏళ్ళవాడు, మెలితిప్పిన మీసం, నడుముకు బాకు. అవతలి గట్టున పదిమంది కాపరులతో నిలబడి ఉన్నాడు.

"నాగసూరిని. పైకోన పసరాల వైద్యుణ్ణి. అవ్వను పిలువన్నా. నేను వంతెన దాటను."

"దాటవా? గొంగళి యాడ?"

"పాతిపెట్టినా."

కాపరులు పగలబడి నవ్వారు. "గొంగళి సచ్చిపోయిందంట పాపం! దినాలు కూడా చేసినావా అన్నా?" అన్నాడొకడు.

నాగసూరి నవ్వలేదు. "పైకోన, నడిమికోన, చెరువుకోన, అన్నీ పోయినాయి. మీ మంద మిగలాలంటే వంతెన మూసెయ్యండి. మనిషి గానీ పశువు గానీ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటకూడదు."

గొంగళి లేదని ఒప్పుకుని కూడా మాట్లాడుతూనే ఉన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. వడిసెల రాయి ఒకటి రివ్వున వచ్చి అతని భుజాన్ని చీల్చుకుపోయింది. రెండోది మోకాటికి తగిలింది. పడిపోయాడు. ఈరప్ప నాలుగంగల్లో వంతెన దాటి, అతన్ని ఈడ్చుకుపోయి ఇవతలి గట్టు మీదే ఉన్న చండ్ర చెట్టుకు పలుపుతో కట్టేశాడు.

అప్పటికి సిద్ధవ్వ వచ్చింది. డెబ్బై ఏళ్ళు దాటినా వంగని మనిషి. చేతిలో ఇనుప పొన్ను కర్ర. వంతెన అవతలి కొసన నిలబడి కట్టేసినవాణ్ణి ఎగాదిగా చూసింది.

"గొంగళి పరచనోడితో మాట్లాడితే నా మందకు అరిష్టం. పొద్దు గూకేలోపల లోయలోకి తోసెయ్ ఈరప్పా."

"తోసెయ్యవ్వా, వద్దనను," అన్నాడు నాగసూరి. "నేను పోయినాంక ఇంకొకడు వస్తాడు. పట్టు గొంగళి పరుస్తాడు. వాణ్ణి మాత్రం దాటనియ్యొద్దు."

మాట పూర్తికాకముందే కొండమలుపులో శంఖాలు మోగాయి.

ముందు ఇరవైమంది కాషాయాలవాళ్ళు. వెనక పది గుర్రాలు. నడుమ ముత్యాల కుచ్చుల పల్లకి, పల్లకిలో గుండెల దాకా తెల్లగడ్డం పెంచుకున్న స్వామి. పల్లకి వెనక నడుస్తున్న ఎద్దును చూసి కాపరుల నోళ్ళు తెరుచుకున్నాయి. మంచుకొండ నడిచి వచ్చినట్టుంది. చంద్రవంకల్లాంటి కొమ్ములకు బంగారు తొడుగులు. మూపురం మీద జలతారు. మెడలో నూటొక్క మువ్వలు. నాలుగు కాళ్ళకూ గిట్టలు కనపడనంత ఒత్తుగా బంతిపూల కడియాలు.

బొజ్జ శిష్యుడొకడు ముందుకొచ్చి, వంతెన మొదట పట్టు గొంగళి పరిచి చేతులు జోడించాడు.

"తల్లీ! వీరు క్షీరానందస్వామివారు. పన్నెండేళ్ళ మౌనవ్రతంలో ఉన్నారు. మీ మందకు రోగం సోకకుండా ఈ నందీశ్వరుణ్ణి కానుకగా తెచ్చారు. దీన్ని మీ ఉప్పుబండ దగ్గర మందతో కలిపితే చాలు, గాలిభూతం ఈ కోన వైపు తొంగి చూడదు."

చెప్తూనే పట్టు గొంగళి మడతలు సరిచేశాడు.

సిద్ధవ్వ కొడుకు వైపు చూసింది. ఈరప్ప కళ్ళు అప్పటికే ఆ ఎద్దుకు పెళ్ళి చేసేస్తున్నాయి. వెళ్ళి ముకుతాడు అందుకున్నాడు. మూతి నిమిరి, అంటిన తడిని తన పైపంచెతో తుడిచాడు.

"తేనె తినిపించినట్టుండారమ్మా. మూతంతా జిగటే."

కట్లలో ఉన్న నాగసూరి ఎద్దును మాత్రమే చూస్తున్నాడు. నాలుగు అడుగులకొకసారి అది ముందరికాలు విదిలిస్తోంది. ఖాళీ నోటిని చప్పరిస్తోంది. తుడిచిన మూతి నుంచి అప్పుడే ఇంకో చొంగదారం గడ్డి దాకా జారింది. అది తేనె కాదు.

"అవ్వా! ఒక్క పని చెయ్యి!" అని కేకపెట్టాడు. "ఆ ఎద్దుకు ఉప్పు పెట్టు. మీ బండ మీద వద్దు. ఆకులో కట్టి ఈ గట్టుకు విసురు. తింటే నన్ను నీ చేతులతోనే తోసెయ్."

"దొంగమాటలు వినకండి తల్లీ," అన్నాడు బొజ్జ శిష్యుడు తొందరగా. తొందర కాస్త ఎక్కువైంది.

సిద్ధవ్వ చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది. ఉప్పు వద్దనే పశువును డెబ్బై ఏళ్ళలో ఆమె చూడలేదు. కొంగున కట్టుకున్న ఉప్పును మోదుగాకులో చుట్టి వాగు మీదుగా విసిరింది. ఈరప్ప ఆకు విప్పి ఎద్దు మూతి ముందు పెట్టాడు.

ఎద్దు ఆశగా వాసన చూసింది. నాలుక ఆనించింది. మరుక్షణం కొరివి తగిలినట్టు తల విసిరికొట్టి రంకె వేసింది. బంగారు తొడుగు ఊడి గట్టు మీద దొర్లింది.

"న... నందీశ్వరుడు కూడా వ్రతంలో ఉన్నాడు. ఏకాదశి ఉపవాసం," అన్నాడు శిష్యుడు.

"ఇయ్యాల షష్ఠి గదా సామీ!" అన్నాడు అవతలి నుంచి ఒక కాపరి.

సిద్ధవ్వ కర్ర నేలకు తాటించింది. "గురువు మాట్లాడడు. ఎద్దు మేయదు. ఇద్దరిట్లో నోరు పుండైంది ఎవురికో తేల్చండప్పా!"

కోనంతా నవ్వింది. పల్లకిలో స్వామి పెదవులు బిగుసుకున్నాయి. కోపం మింగాడు. మింగిన కోపం ముక్కుపుటాల్లోంచి సన్నటి పొగగా బయటికి వచ్చింది.

"చూడవ్వా పొగ!" అని అరిచాడు నాగసూరి. "స్వామి కాదు, ధూమ్రజటి! ఈరప్పా, ఎద్దు నోరు తెరిచి చూడు!"

ఈరప్ప దవడ పట్టి నోరు తెరిచాడు. నాలుక బయటికి లాగాడు. నాలుక మీది తోలు తడిసిన తమలపాకులా ఊడి అతని అరచేతిలోకి వచ్చింది.

ఇంకెవరూ నవ్వలేదు.

ధూమ్రజటి పల్లకిలోంచి లేచాడు. తెల్లగడ్డం భగ్గున అంటుకుని బూడిదై రాలింది. జడలు విప్పుకుని నల్లటి పాముల్లా పైకి లేచాయి. నోరు తెరిచాడు. కొలిమి తిత్తిలోంచి వచ్చినట్టు పొగ ఎగజిమ్మి గట్టును కమ్మేసింది. శిష్యులు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. ఆ పొగలోంచి ఒక నిప్పు కొరడా మెరిసి ఎద్దు తోక మీద ఛెళ్ళుమంది.

ఎద్దు వంతెన వైపు దూకింది.

ఈరప్ప ముకుతాడు వదల్లేదు. మడమలు నేలను దున్నుకుంటూ వెనకే ఈడ్చుకుపోయాడు. వంతెనకు ఇంకా ఇరవై అడుగుల దూరమే. అవతల రెండు వేల ఆవులు. ఎదురు నిలవడానికి కర్రలెత్తిన కాపరులు నిప్పు తగిలిన ఎద్దుకు గడ్డిపోచలతో సమానం.

"చెట్టుకు తిప్పు! తాడు చెట్టుకు తిప్పు!" అని గొంతు చించుకున్నాడు నాగసూరి.

"నువ్వుండావు కదరా చెట్టుకు!"

"ఉంటే ఉంటి! తిప్పు!"

చండ్ర చెట్టును దాటుతూ ఈరప్ప ముకుతాడు కొసను మానుకు చుట్టేశాడు. మానుతోపాటు నాగసూరి రొమ్ముకు కూడా. తాడు బిర్రున బిగుసుకుంది. నాగసూరి పక్కటెముక ఒకటి పుల్లలా విరిగింది. చెట్టు వేళ్ళతో సహా మూలిగింది. ఎద్దు ముందరికాళ్ళు మద్దిమాను మీద, వెనకకాళ్ళు గట్టు మీద. అక్కడే ఆగిపోయింది. దాని మూతి నుంచి జానెడు పొడుగు చొంగ వంతెన మీద పడింది.

ఆ తడిమచ్చను అందరూ చూశారు. సిద్ధవ్వ మరీ బాగా చూసింది.

"ఎద్దును ఎనక్కి లాగు ఈరప్పా," అంది.

అతను లాగాడు. నొప్పికి అలిసిన ఎద్దు ఇక మొరాయించలేదు. వాగులోకి నీళ్ళు పారని రాతిగుంట పక్కన దాన్ని కట్టేసి, లేతగడ్డి మెత్తగా నలిపి ముందు పెట్టాడు. దాని పాపం ఏముంది? తరువాత బాకుతో నాగసూరి కట్లు కోశాడు.

"నువ్వు చెప్పిందే నిజం. పా, ఆ గట్టుకు పోదాం. అమ్మ కట్టు కడతాది."

ఈరప్ప వంతెన మీద అడుగు పెట్టబోయాడు.

"ఆగు," అంది సిద్ధవ్వ.

ఆగాడు.

ఆమె కొడుకును చూడలేదు. నాగసూరిని చూసింది. "వైద్యుడా! ఎద్దు చొంగ వీని పంచెకు అంటింది. నాలుక తోలు వీని చేతిలో పడింది. ఇప్పుడు వీడు నా దొడ్లోకి వస్తే?"

నాగసూరికి అబద్ధం చెప్పాలనిపించింది. చెల్లెలి వాకిలి గుర్తొచ్చింది.

"రాకూడదవ్వా. పంచె కాల్చి, ఒళ్ళు బూడిదనీళ్ళతో కడుక్కున్నా రెండు పక్షాలు పసరాల మొగం చూడకూడదు. నేనూ అంతే."

"ఇప్పుడే కడుక్కుంటానమ్మా!" అన్నాడు ఈరప్ప. గొంతులో మీసం పెంచినవాడి బింకం లేదు. "వాగులో మునిగి వస్తా."

"ఆ వాగు నీళ్ళే కింద నా దూడలు తాగేది." సిద్ధవ్వ వెనక్కి తిరిగి కాపరులతో అంది, "పగ్గాలు నరకండి."

ఎవరూ కదల్లేదు. ఆమె ఒకడి చేతిలోంచి గొడ్డలి లాక్కుంది. మొదటి పగ్గం మూడు దెబ్బలకు తెగింది. రెండోది తెగడానికి ఏడు దెబ్బలు పట్టింది. తోలు పాతది, గట్టిది. మద్దిమానులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జారి, కొండచరియను తన్ని, లోయలో కలిసిపోయాయి. చాలాసేపటికి గానీ చప్పుడు పైకి రాలేదు.

తల్లీకొడుకుల మధ్య ముప్పై అడుగుల గాలి మిగిలింది.

అప్పుడు కొండ శిఖరం మీదికి చేరిన పొగలోంచి ధూమ్రజటి గొంతు ఉరిమింది.

"వంతెన కూల్చి గెలిచాననుకున్నావా ముసలీ! నేను తెచ్చింది ఒక్క ఎద్దునే అనుకున్నావా? కొండ వెనక గద్దరేవు దారిన రెండోది నడుస్తోంది. పొద్దు గూకేలోగా అది నీ వాగు ఎగువన దిగుతుంది. దాని చొంగ నీ దూడల దాకా నీళ్ళే మోసుకొస్తాయి!"

పొగ చెదిరిపోయింది. గుర్రాల డెక్కల చప్పుడు ఎగువకు సాగింది.

ఈరప్ప సూర్యుడి వైపు చూశాడు. పడమటి కొండకు రెండు బారల ఎత్తున ఉన్నాడు.

"గద్దరేవు ఎంత దూరం?" అన్నాడు నాగసూరి పక్కటెముక అదిమి పట్టుకుని.

"దారెంట పోతే ఆమడ. మేకల జాడన అయితే అర. విరిగిన ఎముకతో నువ్వు ఎక్కలేవు."

"నువ్వు ఎక్కించు. కట్టేసినప్పుడు లేని జాలి ఇప్పుడెందుకు?"

ఈరప్ప పైపంచె విప్పి, పల్లకి దగ్గర శిష్యులు పారేసిపోయిన కాగడా నిప్పులో పారేశాడు. నాగసూరి చేతిని భుజాన వేసుకున్నాడు. ఈ గట్టున మిగిలిన మనుషులు వాళ్ళిద్దరే. ఆ ఎద్దును ఆపగలిగినవాళ్ళూ వాళ్ళే. వంతెన ఉండి ఉంటే ఒకడు ఇంటికి పోయేవాడు.

మేకల జాడ నిచ్చెనలా నిలువునా ఉంది. కాలు జారితే లోయ. వేళ్ళు రాతిసందుల్లో దూర్చి, పొదలు పట్టుకుని, ఒకడు లాగుతూ ఒకడు నెడుతూ ఎక్కుతున్నారు. నాగసూరి పళ్ళ మధ్య నెత్తురు ఉప్పగా తగిలింది. వెనక కింద కోనలో సిద్ధవ్వ మందను వాగు నుంచి మిట్ట మీది దొడ్లకు తోలుకుపోవడం మొదలుపెట్టింది. నీళ్ళ దగ్గర ఒక్క ఆవు కూడా మిగలకుండా పేరు పేరునా పిలుస్తోంది.

"గౌరీ... పుల్లీ... మల్లెచెండా... చుక్కా... ఓ కర్రిదానా..."

సాయంత్రపు గాలి ఆ పేర్లను కొండ మీదికి మోసుకొచ్చింది. ఒక్కో పేరుకు ఒక్కో గంట మోగుతూ కదిలిపోతోంది. చివరి గంట కూడా మిట్ట ఎక్కింది.

ఆవుల పేర్లు అయిపోయాయి. ఆమె ఆగలేదు. ఇంకొక పేరు పిలిచింది.

ఈరప్ప పలకలేదు. పలికితే చేతులు పట్టు తప్పుతాయి. నాగసూరి నడుమును ఇంకా గట్టిగా పట్టుకుని ఆఖరి బండ మీదికి ఎత్తి వేశాడు. ఇద్దరూ తలలు పైకెత్తారు.

ఎదురుగా గద్దరేవు. రేవుకు నూరడుగుల దూరంలో, నూటొక్క మువ్వల చప్పుడుతో, కుంటుకుంటూ రెండో ఎద్దు నీళ్ళ వైపు దిగుతోంది.